తల్లిని మించిన సీసా

బీరకాయలపాడులో తెలివి ఎవరింట్లో పుట్టిందని ఎవరైనా అడిగితే, అడగడం పూర్తికాకముందే సన్యాసయ్య చెయ్యెత్తేవాడు.

"మిగతావాళ్ళు ఒక మాట వింటే దానికి తోకా తొండం తగిలించి ఇంకోటేదో చేస్తారు. మా ఇంట్లో ఆ వేషాలు లేవు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదీ!" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఒకసారి పక్కింటివాళ్ళు తిరునాళ్ళకి పోతూ, "సన్యాసయ్యా, కాస్త ఇల్లు చూస్తూండు" అన్నారు. అంతే. అరుగు మీద కూర్చుని రెప్పవెయ్యకుండా వాళ్ళ ఇంటినే చూశాడు. ఈలోగా దొంగ వచ్చి పాకలో గేదెను విప్పుకుని, "వెళ్ళొస్తా మావా" అని చెప్పి మరీ పోయాడు. పక్కింటివాళ్ళు తిరిగొచ్చి గగ్గోలు పెడితే, "ఇల్లు చూడమన్నారు, చూశాను. ఒక్క పెంకు తగ్గిందేమో ఎక్కి లెక్కపెట్టుకోండి" అన్నాడు.

ఆ ఇంటికి తగ్గ కోడలు నూకరత్నం. పెళ్ళినాడు గడప దగ్గర "కుడికాలు ముందు పెట్టమ్మా" అన్నారని, ఆ సాయంత్రమంతా కుడికాలే ముందుపెట్టి, ఎడమకాలు వెనకాల ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగింది. అది చూసి అత్త వరాలమ్మకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. "ఏమయ్యో, ఇది మన పిల్లే!" అంది సన్యాసయ్యతో.

అలాంటి నూకరత్నానికి ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. అరచేతిలో పడుకోబెడితే పక్కన ఇంకా చోటు మిగిలేటంత. టౌను ఆసుపత్రిలో బిడ్డని గాజుపెట్టెలో పెట్టారు. నూకరత్నం ఒక్కసారి చూసింది. శనగగింజంత ముక్కు, నువ్వుగింజల్లాంటి గోళ్ళు. ముట్టుకుందామని చెయ్యి చాపితే అద్దం తగిలింది.

"ఏడవకమ్మా," అంది నర్సు ఎస్తేరు. "ఇలాంటి బిడ్డకి నీ పాలే మందు. చెడకుండా పంపించు. కాస్త ఒళ్ళు చేసిందంటే, నేనే పెట్టెలోంచి తీసి నీ గుండెల మీద పెడతాను."

ఆ మాట నూకరత్నం కొంగున ముడేసుకుంది. నిజంగానే ముడేసింది, మర్చిపోతానేమోనని.

డాక్టరు ఆమెను ఇంటికి పంపిస్తూ, "బాగా నీరసించావు. మంచం దిగకుండా విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఇంకేముంది! ఇంటికి చేరగానే మంచమెక్కింది, మళ్ళీ దిగలేదు. తిండి మంచం మీదే. పెరట్లోకి వెళ్ళాలంటే మొగుడు గవరయ్య తల వైపు, మామ కాళ్ళ వైపు పట్టుకుని మంచం మోసుకెళ్ళేవాళ్ళు. స్నానాల గది గుమ్మంలో మంచం పట్టలేదు. గోడ కొట్టేశారు.

గవరయ్యకి ఎస్తేరు చెప్పాల్సిందంతా చెప్పి పంపింది. "చేతులు శుభ్రంగా కడుక్కోమను. పాలు పిండి ఈ సీసాల్లో పట్టి, మీద పేరు రాయి. ఫ్రిజ్జులో పెట్టు గానీ తలుపులో పెట్టకు. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలి పాలు చెడతాయి. చల్లగా తీసుకురా, కుదపకుండా తీసుకురా. ఒంటి వేడికి తెచ్చుకోవడం, పట్టడం మేం చూసుకుంటాం. ఖాళీ సీసాని మాత్రం వెంటనే వేడినీళ్ళతో కడిగి, బోర్లించి, ఇంటికి పట్టుకుపో. ఆఁ, ఇంకోటి. బిడ్డని తలుచుకుంటే పాలు బాగా పడతాయని చెప్పు."

గవరయ్య దారిపొడుగునా అదంతా వల్లెవేసుకుంటూ వచ్చాడు.

"ఒక్కదాని తలపుకే పాలు పడితే, నలుగురం తలుచుకుంటే కుండలు నిండవూ?" అంది వరాలమ్మ. నూకరత్నం దుప్పటి చాటున పాలు పిండుతుంటే, మిగతా ముగ్గురూ మంచానికి వీపులు పెట్టి, కళ్ళు మూసుకుని తలుచుకున్నారు.

కాసేపటికి సన్యాసయ్య ఒక కన్ను తెరిచాడు. "ఒరే గవరా, నేను బిడ్డని చూళ్ళేదు కదా. మీసాలతో తలుచుకున్నాను. పర్లేదా?"

"ఆడపిల్ల నాన్నా!"

"అయితే మీసాలు తీసేసి మళ్ళీ మొదలెడతాను, ఉండు."

సీసా సగానికి నిండింది. ఇక పేరు. గవరయ్య సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, గుండ్రటి అక్షరాలతో 'పాలు' అని రాశాడు. వాటి పేరు అదే కదా మరి.

తర్వాత వంటింట్లో ఫ్రిజ్జు దగ్గర అందరూ నిలబడి ఆలోచించారు.

"చిక్కంతా తలుపుతోనే ఉంది," అన్నాడు సన్యాసయ్య. "తలుపు ఉంటే తీస్తాం. తీస్తే పాలు చెడతాయి. అసలు తలుపే లేకపోతే?"

"అబ్బ, ఏం బుర్ర మామయ్యా!" అంది నూకరత్నం మంచం మీంచి.

అంతే. గవరయ్య మేకులూ బందులూ ఊడబీకి తలుపు పక్కన పెట్టాడు. చల్లగాలి బయటికి తోసుకొచ్చింది. దానికీ ఉపాయం దొరికింది. సన్యాసయ్య దుప్పటి కప్పుకుని, ఫ్రిజ్జుకి వీపు ఆనించి, సందు లేకుండా కూర్చున్నాడు. "నేనే తలుపుని. ఎవరూ నన్ను తీయకండి" అన్నాడు. ఊడదీసిన తలుపు ఊరికే ఎందుకుండాలని, దాన్ని వసారాలో సన్యాసయ్య మంచం మీద పడుకోబెట్టారు. ఆయన తలుపు పని చేస్తున్నప్పుడు తలుపు ఆయన పని చెయ్యాలి కదా! వరాలమ్మ దానికి తలగడ పెట్టింది. పాపం, ఇన్నాళ్ళూ చలిలో ఉన్నదే కదా అని దుప్పటీ కప్పింది.

మర్నాడు గవరయ్య సీసా పట్టుకుని బస్సెక్కాడు. కుదపకూడదు. రోడ్డు మీద గోతులు. గొయ్యి కనిపించగానే "ఆపండి!" అని అరిచి దిగేవాడు. బస్సు గొయ్యి దాటేదాకా పక్కన నిలబడి, తర్వాత మెల్లగా నడిచి వెళ్ళి మళ్ళీ ఎక్కేవాడు. నాలుగు గోతులు ఓర్చుకున్నాడు కండక్టరు. అయిదో గొయ్యి దగ్గర, "బాబూ, నువ్వు నడిచే పో. గోతులన్నీ నీవే!" అని దింపేశాడు. గవరయ్య ఎండలో, పెళ్ళికూతురిలా అడుగులో అడుగేసుకుంటూ ఆసుపత్రికి చేరాడు.

ఎస్తేరు సీసా ముట్టుకుని ఉలిక్కిపడింది. "ఇవి పాలా, కషాయమా? చల్లగా తెమ్మంటే కాచుకొచ్చావేంటి? ఐసు ముక్కల్లో పెట్టుకురావాలి. పైగా ఇదేంటి, 'పాలు' అని రాశావ్? నాకు తెలీదా పాలని? తల్లి పేరు రాయాలయ్యా, తల్లి పేరు!"

రెండోసారి ఐసు పెట్టెలో తెచ్చాడు. ఎస్తేరు సీసా మీద పేరు చదివి నొసలు చిట్లించింది.

"వరాలమ్మ ఎవరు?"

"మా అమ్మండి."

"ఆవిడ వయసెంత?"

"అరవై దాటాయండి. తల్లి పేరు రాయమన్నారు కదా. నాకు ఒక్కతే తల్లి."

ఎస్తేరు నుదురు కొట్టుకుంది. ఆ సీసా కూడా వాడలేదు. "ఎవరివో తెలియని పాలు పట్టలేను. ఇంకో తల్లి దానమిచ్చిన పాలు ఉన్నాయి, అవి పడతాను. క్రిములు చావాలని వేడిచేసిన పాలవి. దాంతో కాస్త సత్తువా పోతుంది. కడుపు నింపుతాయి, నిజమే. కానీ వాళ్ళమ్మవి వాళ్ళమ్మవే" అంది.

ఇంట్లో నూకరత్నం ఒక్కటే అడిగింది. "ఏమయ్యా, ఒళ్ళు చేసిందా?"

"అలాగే ఉందిట."

కొంగు ముడి ఇంకోసారి గట్టిగా బిగించింది.

మూడోసారి పేరు సరిగ్గా ఉంది. నూకరత్నం అని. పాలు చల్లగానే ఉన్నాయి. గవరయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఎస్తేరు సీసాని వెలుగులో ఎత్తి చూసి నిట్టూర్చింది. "చూడు, మీగడ ఎలా అంటుకుపోయిందో. నిలవుంచిన పాలతో ఇదే తంటా. బలమంతా సీసాకే పట్టుకుపోతుంది, బిడ్డకి పల్చటివే అందుతాయి. వెయ్యిమాట్లు చెప్పానా, పట్టేముందు మెల్లగా తిప్పి కలపాలని!" అని పక్కనున్న నర్సు మీద విసుక్కుంది.

గవరయ్య చెవులు రిక్కించాడు. బలమంతా సీసాలో! ఈ మాట ముందే చెబితే ఎంత శ్రమ తప్పేది!

నాలుగోసారి పాలు ఒక గంటసేపు సీసాలో ఊరబెట్టి, బలం బాగా పట్టాక, పాలు పారబోసి, సీసా ఒక్కటీ తీసుకెళ్ళాడు.

"పాలేవీ?" అంది ఎస్తేరు.

"పల్చటివి మేం పారబోశాం సిస్టరు గారూ. బలం తెచ్చాను."

ఎస్తేరు కుర్చీలో కూలబడింది. తర్వాత లేచింది. ఆవిడ అరుపుకి వరండాలో పావురాలు లేచిపోయాయి. "ఇంక సీసా వద్దు, నువ్వూ వద్దు! తల్లిని మించిన సీసా ఎక్కడైనా ఉందా? మీగడ అంటుకోదు, చల్లార్చక్కర్లేదు, కాచక్కర్లేదు. ఆ తల్లినే పట్టుకురా, ఫో!"

గవరయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! నూకరత్నమే అన్నిటికన్నా మంచి సీసాట! పట్టుకురమ్మన్నారు!"

నూకరత్నం మంచం మీదే లేచి కూర్చుంది. బిడ్డ దగ్గరికి! కానీ తెలివిగల ఇల్లు కదా, తొందరపడలేదు. "సీసానైతే, సీసాకి చెప్పినవన్నీ నాకూ చెయ్యాలి కదత్తయ్యా" అంది.

"మరే!" అంది వరాలమ్మ.

ఇంకేముంది! నూకరత్నాన్ని ఒళ్ళంతా శుభ్రంగా కడిగారు. నుదుటి మీద కాటుకతో 'నూకరత్నం' అని పేరు రాశారు. మంచం దిగకూడదు కాబట్టి మంచంతో సహా కూరగాయల ఆటో ఎక్కించారు. చల్లగా తీసుకురమ్మన్నారు కాబట్టి చేపల మార్కెట్టు నుంచి ఐసు దిమ్మలు తెచ్చి చుట్టూ పేర్చారు. పైన ఊక చల్లారు.

"ఎలా ఉందే?" అన్నాడు గవరయ్య.

"చె-చె-చెడిపోవట్లేదయ్యా," అంది నూకరత్నం పళ్ళు కొట్టుకుంటూ.

గొయ్యి వచ్చినప్పుడల్లా మంచం దింపి, గవరయ్య ఒక పక్కా వరాలమ్మ ఒక పక్కా మోసి, గొయ్యి దాటించి, మళ్ళీ ఎక్కించారు. నూకరత్నం కొంగు ముడి పట్టుకుని, ఐసు మధ్యలోంచి ఆకాశం చూస్తూ బిడ్డనే తలుచుకుంది.

ఆసుపత్రి గుమ్మంలో మంచం దింపారు. నీళ్ళు కారుతూ, ఊక అంటుకుని, నుదుట పేరుతో పడుకున్న మనిషిని చూసి ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది.

"చల్లగా తెచ్చాం సిస్టరు గారూ," అన్నాడు గవరయ్య. "కుదపలేదు కూడా."

"ముందు ఆ పిల్లని వెచ్చబెట్టండి!"

"ఒంటి వేడికి తేవాలి, తెలుసండి." గవరయ్య పెళ్ళాన్ని చంకలో ఇరికించుకోబోయాడు. సగమే పట్టింది. ఎస్తేరు అతన్ని బయటికి తోసి, తడిబట్టలు మార్పించి, కంబళి కప్పి, వేడి పాలు తాగించింది. నూకరత్నం పొడిచీర కొంగున కూడా ముడేసుకుంది. ఆమె వణుకు తగ్గేదాకా ఎస్తేరు ఆగింది. ఆ తర్వాత గాజుపెట్టె మూత తీసింది.

శనగగింజంత ముక్కు వచ్చి గుండెకి ఆనింది. నూకరత్నం ఊపిరి బిగబట్టింది, కుదపకూడదు కదా. అప్పుడే పిండిన పాలు ఎస్తేరు సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా పట్టింది. బిడ్డ కళ్ళు మూసుకునే పెదాలు చప్పరించింది. నూకరత్నం మెల్లగా కొంగు ముడి విప్పింది.

సరిగ్గా అప్పుడే వరాలమ్మ పొగలు కక్కే నీళ్ళ బకెట్టుతో లోపలికొచ్చింది.

"పాలు పట్టడం అయిందిగా? ఒరే గవరా, ఖాళీ సీసాని వెంటనే వేడినీళ్ళతో కడిగి, బోర్లించి, ఇంటికి పట్టుకుపోవాలి. నువ్వు కాళ్ళు పట్టుకో. తలకిందులు చేద్దాం."

గవరయ్య చీర కుచ్చెళ్ళు తడవకుండా ఎలా బోర్లించాలా అని చుట్టూ చూస్తున్నాడు. నూకరత్నం గుండెల మీది పిడికెడు వెచ్చదనాన్ని చూసుకుంది. చెప్పింది చెప్పినట్టు వినడమే ఆమెకు తెలుసు. జీవితంలో మొదటిసారి ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది.

"అత్తయ్యా," అంది చివరికి. "సీసా ఇంకా ఖాళీ కాలేదు."

వరాలమ్మ ఆగింది. వంగి, కోడలి భుజం మీద వేలితో టకటకమని కొట్టి, చెవి పెట్టి విన్నది. "నిజమేరా. నిండుగానే ఉంది."

ఆ రోజూ కాలేదు, మర్నాడూ కాలేదు. వరాలమ్మ రోజూ బకెట్టు తెచ్చేది, టకటకలాడించేది, "ఇంకా ఉన్నాయి" అని తీసుకుపోయేది. బిడ్డ రోజూ తల్లి గుండెల మీదే పెరిగింది. బుగ్గలొచ్చాయి. ఏడుపుకి గొంతొచ్చింది. నూకరత్నం చేత డాక్టరు స్వయంగా మంచం దిగించాడు. ఒకరోజు ఎస్తేరు, "ఇక ఇంటికి తీసుకెళ్ళండి" అని, గవరయ్య కాస్త దూరం పోయాక, నూకరత్నం చెవిలో "ఇకమీద ఆ ఇంట్లో ఆలోచించే పని నువ్వే పెట్టుకో" అంది.

"అలాగే సిస్టరు గారూ," అంది నూకరత్నం.

బిడ్డతో గడపలో అడుగుపెట్టింది, కుడికాలే ముందుపెట్టి. "ముందు తాతయ్య ఆశీర్వాదం!" అంది వరాలమ్మ. అందరూ వసారాలోకి నడిచారు. మంచం మీద, తలగడ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, ఫ్రిజ్జు తలుపు పడుకుని ఉంది.

నూకరత్నం, ఎస్తేరు మాట గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆగి గట్టిగా ఆలోచించింది. తర్వాత తలమీద కొంగు సర్దుకుని, బిడ్డని తలుపు ఒళ్ళో మెల్లగా పడుకోబెట్టి, "దీవించండి మామయ్యా" అంది.

వంటింట్లోంచి తలుపు తుమ్మింది.