కాటా మీద కంచం

సువర్చల పీహెచ్‌డీ పుట్టి మునిగేలా ఉంది.

మిరపకోతలకి వెళ్ళే ఆడవాళ్ళు రోజుకి ఎంత తింటున్నారు, ఆ తిండి వాళ్ళు చేసే పనికి చాలుతోందా? అదీ ఆ పిల్ల పరిశోధన. కాటా సంచిలో వేసుకుని ఇంటింటికీ వెళ్ళేది. కంచంలో పెట్టుకున్న అన్నం, కూర తూచేది. తిన్నాక మిగిలింది మళ్ళీ తూచేది. ఎండనక వాననక తిరిగింది పాపం. తీరా లెక్కేసి చూస్తే, పొద్దస్తమానం నడుం వంచి కాయలు కోసే మనిషి బడికెళ్ళే పిల్లంత కూడా తినట్లేదు!

ఆ కాగితాలు పట్టుకుని గైడ్ మెహరున్నీసా మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"అంతా అబద్ధం మేడమ్. ఈ తిండితో మనిషి నిలబడలేదు. నా ముందు పిడికెడు తిని, నేను గడప దాటాక కుండ ఖాళీ చేస్తున్నారు. సహకరించలేదని రాసి ఈ ఇళ్ళన్నీ తీసేస్తా."

"తీసేస్తే ఏం మిగుల్తుందే నీకు?"

"వేరే ఊరు చూసుకుంటా."

అనడమైతే అంది గానీ అంత టైమెక్కడిది? ఫెలోషిప్ ఈ వేసవితో ఆఖరు మరి.

మేడమ్ కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. కాటా కూడా తెచ్చుకో" అంది.

ఆదివారం హాస్టల్లో టిఫిన్ కూడా మానేసి వెళ్ళింది సువర్చల. బగారా అన్నం, సొరకాయ దాల్చా. వాసనకే ప్రాణం లేచొచ్చింది.

మేడమ్ బల్ల మధ్యలో కాటా పెట్టి, దాని మీద సువర్చల కంచం పెట్టింది. అన్నం వడ్డించి అంకె పైకి చదివింది, రాసుకుంది. దాల్చా పోసింది, చదివింది, రాసుకుంది.

"ఏం బేగం, రేషన్ షాపు తెరిచావా?" అన్నారు మేడమ్ భర్త కరీముల్లా గారు. "నాకొద్దు తల్లీ మీ తూకాలు!" అంటూ తన కంచం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

సువర్చల కంచం ఇట్టే ఖాళీ అయింది. మేడమ్ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని, "ఇంకాస్త పెట్టనా?" అంది.

"వద్దు మేడమ్."

"మొహమాటపడకు."

"అబ్బే, లేదు మేడమ్. కడుపు నిండిపోయింది."

మేడమ్ అదీ రాసుకుంది. కాటా తీసి బీరువా మీద పెట్టేసింది. తనూ వడ్డించుకుని ఎదురుగా కూర్చుని కబుర్లు మొదలెట్టింది. కరీముల్లా గారు మారు వడ్డించుకోడానికి వచ్చారు.

"పెళ్ళయిన కొత్తలో మీ మేడమ్ దాల్చాతో గోడలకి పూత పూయచ్చమ్మా, అంత చిక్కన!"

"అయినా గిన్నె నాకేవారు కాదూ!" అంది మేడమ్.

సువర్చల పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే అన్నం వడ్డించుకుంది, దాల్చా పోసుకుంది, మళ్ళీ పోసుకుంది.

"ఇప్పుడెంత తిన్నావే?" మామూలుగానే అడిగింది మేడమ్.

కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"తెలీదు మేడమ్."

"వాళ్ళిళ్ళల్లో ఎప్పుడైనా తిన్నావా?"

"లేదు. తినమన్నారు. నేనే వద్దన్నా."

మేడమ్ దాల్చా గిన్నె ఆ పిల్ల దగ్గరికి జరిపింది.

"రేపు మళ్ళీ వెళ్ళు. ఖాళీ కడుపుతో వెళ్ళు."