చేతులు చూసుకునే వేళ

మా మేనమామ దైవాధీనం మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని "చూద్దాం" అనేవారు. ఆ "చూద్దాం" దగ్గరే విసుగుపుట్టి వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది. ఓపిక పట్టి ఉండిపోయినవాళ్ళకే ఆయన సంగీతం నేర్పారు.

అలా ఉండిపోయినవాడు ఎలీషా. మా చర్చి గుడిలో పాటలు పాడే బృందం, కాయిర్‌లో బేస్ గిటారు వాయించేవాడు. ఆ గిటారుకు లావుపాటి తీగలు నాలుగే ఉంటాయి. పాట పైన నడుస్తుంటే అది అడుగున నడుస్తుంది. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం గుడంతా బోసిపోతుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలలో ఒక సాయంత్రం ఎలీషా మూడు రకాల తీగలు తెచ్చి మాస్టారి ముందు బల్లమీద పరిచాడు.

"మాస్టారూ, ఈ మూడింట్లో ఏది మంచిది?"

మొదటి రకం ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి సన్నతీగ చుట్టినది. గోరు పెట్టి గీస్తే ఆకురాయిలా గరగరమంటుంది. దాని మోత కొత్త ఇత్తడి బిందెలా ఖంగున పలుకుతుంది. రెండోదానికి చుట్టిన తీగ రిబ్బన్‌లా చదును చేసినది. వేలు పెడితే గాజులా జారుతుంది, కానీ స్వరం లోపల్లోపలే పలికి తొందరగా అణిగిపోతుంది. మూడోదానిమీద నల్లటి నైలాను చుట్టి ఉంది. దాని పలుకు మట్టికుండమీద అరచేత్తో కొట్టినట్టుంటుంది. ఎలీషా మూడింటినీ ఒకే పాటకు వాయించి, ఫోనులో రికార్డు చేసుకుని, మళ్ళీ మళ్ళీ విని వచ్చాడు.

"నా చెవికైతే ఆ గరుకుదేనండి. చదునుది దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంది," అన్నాడు.

"చూద్దాం," అన్నారు మాస్టారు.

మా ఊరి బయట పాత కుష్ఠు ఆసుపత్రి ఆవరణలో చిన్న ప్రార్థన మందిరం ఉంది. జబ్బు నయమైనా వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు అక్కడే ఉండిపోయారు. వాళ్ళ కాయిర్‌లో బేస్ వాయించే ఆయన పేరు బర్నబాసు. మందులతో జబ్బు పోయింది, కానీ చేతుల్లో స్పర్శ తిరిగి రాలేదు. వేళ్ళు ఏ మెట్టుమీద ఉన్నాయో కళ్ళతో చూసుకుంటూ వాయించేవాడు. ఆయన గిటారుకు తీగలు మార్చడం ఎప్పుడూ మాస్టారి పనే. ఆ ఏడాది, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గరపడుతుండగా మాస్టారికి జ్వరం తగిలింది. చదును తీగల చుట్ట ఎలీషా చేతికిచ్చి, "ఇవి వేసి, ఈస్టరు దాకా అక్కడే ఉండి వాళ్ళ పాటలు సరిచూడు," అన్నారు. ఎందుకు ఇవే అని ఎలీషా అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఎలీషా మనసులో చెడు లేదు, ఆ సంగతి దేవునికి తెలుసు. పండుగ పూట ఆ పేదవాళ్ళ పాట ముసుగులో మూలగడమేమిటి అనుకున్నాడు. తాను కొనుక్కున్న గరుకు తీగలనే బర్నబాసు గిటారుకు బిగించాడు. మొదటిసారి మీటగానే మందిరం రేకులు అదిరాయి. బర్నబాసు ముసిముసిగా నవ్వి, "ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచుకుందయ్యా ఇది?" అన్నాడు.

ఆ ఆవరణలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దువాలే వేళకు అందరూ వరండాలో కూర్చుని, నీళ్ళ తొట్టెలో చేతులు నానబెట్టి, నూనె రాసుకుని, ఒకరి చేతులు ఒకరు తిప్పి తిప్పి చూస్తారు. తెగినా కాలినా తమకు తెలియదు గనక కంటితోనే వెతుక్కోవాలి. బర్నబాసు చేతులు చూసేది ఆయన భార్య శాంతమ్మ. శ్రమల వారంలో పాటల సాధన సరిగ్గా ఆ వేళకే పడింది. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, "బాగానే ఉన్నాయిలేవే, అన్నం పెట్టు," అనేవాడు బర్నబాసు. సాధనలో ఎలీషా ఆయన ఎదుటే కూర్చునేవాడు. తీగ పలుకు బాగా తెలియాలని కళ్ళు మూసుకుని వినేవాడు.

గుడ్ ఫ్రైడే నాడు సిలువమీద పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతోంది. "దప్పిగొనుచున్నాను" అన్న మాట చదివి పాస్టరు అయ్యగారు కూర్చున్నారు. కాయిర్ వాళ్ళు పాట అందుకున్నారు. ముందు వరుసలో ఉన్న శాంతమ్మ ఉన్నట్టుండి లేచి, పాట సగంలోనే వెళ్ళి భర్త కుడిచెయ్యి పట్టుకుంది. ఆయన తెల్లచొక్కా మీద, గిటారు చెక్కమీద ఎర్రగా మరకలు. చూపుడువేలి కొస అరిగి లోపలి మాంసం కనిపిస్తోంది. చుట్టూ చీము పట్టి ఉంది, అంటే ఆ గాయం ఆ రోజుది కాదు.

"ఏమైందే?" అన్నాడు బర్నబాసు. ఇంకా ఎడమచేత్తో తీగ నొక్కే ఉంచాడు.

ఈస్టరు నాటికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. తర్వాతి వారంలో డాక్టరుగారు ఆ వేలు మొదలంటా తీసేశారు. ఎలీషా మాస్టారి కోసం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. తిడితే బాగుండునని వచ్చినట్టున్నాడు. మాస్టారు చెప్పులేసుకుని, "పద," అన్నారు.

వాళ్ళు ఆవరణకు చేరేసరికి పొద్దువాలుతోంది. వరండాలో అందరి ముందూ తొట్టెలున్నాయి. శాంతమ్మ లేచి వందనాలైతే చెప్పింది కానీ ముఖం ఇటు తిప్పలేదు.

"కుర్రాడికి ఒక్కమాట చెప్పి పంపితే ఏం పోయేదండీ మాస్టారూ? మీ చూద్దాం చూద్దాం అంటే ఇదేనా చూడటం?"

మాస్టారు తల వంచుకున్నారు.

"పోనీలేవే," అన్నాడు బర్నబాసు. "ఇంకో వేలుంది, బొటనవేలుంది. లాగిద్దాం." ఎలీషా ఏడుస్తుంటే చూసి, "నొప్పేం లేదు బాబూ. అదేగా నా జబ్బు," అన్నాడు.

ఎలీషా ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "గిటారుకు ఈసారి ఏ తీగలు వెయ్యమంటారు మాస్టారూ? చదునువా, నైలానువా? మీరు ఏవి చెబితే అవే వేస్తాను," అన్నాడు. అంటూనే బర్నబాసు కట్టుకట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుని దానిమీద నుదురు ఆనించాడు.

మాస్టారు వంగి నీళ్ళ తొట్టెను అతని దగ్గరికి జరిపారు.

"ఆ చేతిని డాక్టరుగారు చూసుకుంటారు," అన్నారు. "నువ్వు ఆ రెండో చెయ్యి చూడు."