పక్క విస్తరి

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు లెండి, ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు, మల్లభూపతి అనే రాజు ఉండేవాడు. మనసున్నవాడే. కాకపోతే, ప్రజలు తృప్తిగా ఉంటే అది తన చలవేననీ, ఎవరైనా మొహం ముడుచుకుంటే తప్పు ఇంకెవరిదోననీ ఆయన నమ్మకం.

పుట్టినరోజుకి ఊరందరికీ విందు చేశాడు. బూరెలు, పులిహోర, గుత్తివంకాయ, గడ్డపెరుగు, దేనికీ లోటు లేదు. పైగా తనే పంక్తుల మధ్య తిరుగుతూ, మనసైన వాళ్ల విస్తళ్లలో తన చేత్తో ఇంత జున్ను వడ్డించాడు. జున్ను ఊరందరికీ దొరికేది కాదు కదా.

జనం తిన్నారు, లేచి వెళ్లిపోయారు. బాగుందన్న నాథుడు లేడు. బూరెల్లో తీపి చాలలేదని కొందరు, పెరుగు పులిసిందని కొందరు దారిపొడవునా గొణుక్కున్నారని వేగులు చెప్పారు. రాజుకి ఒళ్లు మండింది. వంటశాల పెద్ద యజ్ఞప్పని పిలిపించి, రాజ్యం విడిచి పొమ్మన్నాడు. యజ్ఞప్ప భార్యకి నెలలు నిండాయి. ఆమెని నడిపించుకుంటూ ఏ ఊరు పోవాలో తెలియక అతను నిలుచున్నచోటే కూలబడ్డాడు.

కొలువులో ఉన్న తిప్పన ఇదంతా చూశాడు. చమత్కారి అని పేరున్నవాడే గానీ, అతనికి ఆ పూట నవ్వు రాలేదు. విందులో అతనూ తిన్నాడు. వంటలో వంక లేదని అతని నాలుకకి తెలుసు. అయినా తనూ గొణుక్కుంటూనే ఇల్లు చేరాడు. ఎందుకని తనని తానే నిలదీసుకుంటే, వచ్చిన జవాబుకి సిగ్గేసింది.

అవే వంటలు యజ్ఞప్ప చేత మరోసారి చేయించి రుచి చూడమని తిప్పన రాజుని వేడుకున్నాడు. తనూ పక్కనే కూర్చుని తింటాననీ, వంటలోనే దోషం ఉందని తేలితే యజ్ఞప్పతో పాటు తనూ పొలిమేర దాటతాననీ మాట ఇచ్చాడు. రాజు సరేనన్నాడు.

మర్నాడు ఇద్దరూ పక్కపక్కన భోజనానికి కూర్చున్నారు. రాజు గుత్తివంకాయ మారు వేయించుకుని మరీ తిన్నాడు. అంతలో వడ్డించేవాడొకడు వచ్చి, మూత పెట్టిన చిన్న వెండిగిన్నె ఒకటి తిప్పన విస్తరి పక్కన పెట్టి వెళ్లాడు.

రాజు చూపు గిన్నె మీద పడింది. అదేమిటని అడిగాడు.

"తమరు కానివ్వండి ప్రభూ" అని తిప్పన తల వంచుకుని తినసాగాడు.

రాజు రెండు ముద్దలు తిన్నాడు. కూర చప్పగా తోచింది. బూరె నమిలాడు, పిండి పచ్చిగా అనిపించింది. తింటున్నంతసేపూ కళ్లు మాత్రం గిన్నెని వదల్లేదు. చివరికి విస్తరి ముందుకి తోసేశాడు.

"ఇదేం వంట? నువ్వూ వాడూ కలిసి బయల్దేరండి" అన్నాడు.

తిప్పన చెయ్యి చాచి మూత తీశాడు. గిన్నె ఖాళీగా ఉంది.

"తమరు మారు వేయించుకున్న కూరే ఇది, ప్రభూ. ఖాళీ గిన్నె పక్కన పెడితేనే చప్పబడిపోయింది. ఆ రోజు మా పక్క విస్తళ్లలో నిజంగానే జున్ను పడింది. అదీ తమ చేత్తో. నా విస్తట్లో పడలేదు. ఆ బాధతో నేనూ బూరెల్ని తిట్టాను."

రాజు ఖాళీ గిన్నెని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జున్నంటే నీకంత ఇష్టమా?" అన్నాడు చివరికి.

"చిన్నప్పటినుంచీ ముట్టను, ప్రభూ."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక, ఆ రోజు తను దాటుకుంటూ పోయిన విస్తళ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. యజ్ఞప్ప ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పి, అతని భార్య పురుటికి అంతఃపురం మంత్రసానిని పంపాడు. తిప్పనని నిండుకొలువులో నిలబెట్టి, జరీశాలువా తెప్పించాడు. సభలో కళ్లన్నీ ఆ శాలువా మీదికి తిరిగాయి.

తిప్పన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇక్కడొద్దు, ప్రభూ. ఇంటికి పంపించండి. పాపం, వీళ్లంతా ఇప్పటిదాకా హాయిగానే ఉన్నారు."

రాజు నవ్వుతూ శాలువా మడిపించి మూట కట్టించాడు.