ఆలస్యంగా పడే దెబ్బ

గాజువాకలో దాలినాయుడు అనే డ్రమ్మరు ఉండేవాడు. తోటివాడి దెబ్బ వెంట్రుకవాసి అటూ ఇటూ పడినా అతను ఓర్చుకోలేకపోయేవాడు.

అతనూ, స్నేహితుడు అసిరీ, పాటలు పాడే మార్గరెట్టూ కలిసి ‘ఇనుప సంత’ అనే రాక్ బృందం పెట్టుకున్నారు. వాళ్ల సంగీతమంతా కార్ఖానా చప్పుడే. దాలినాయుడు డ్రమ్ములు వాయించేవాడు. మార్గరెట్ గిటారు మీటుతూ గొంతు చించుకుని పాడేది. అసిరి ఖాళీ ఆయిలు పీపాలనూ, తుక్కు కొట్టు నుంచి తెచ్చిన ఇనుప రేకులనూ సమ్మెటతో కొట్టేవాడు. ఆటోనగర్‌లో మూతబడిన ఒక షెడ్డులో ప్రతి ఆదివారం వాయించేవారు. వినడానికి కాలేజీ పిల్లలు వచ్చేవారు.

అసిరి తండ్రి కొలిమి పనివాడు. కొడుక్కి చిన్నప్పుడే సమ్మెట పట్టడం నేర్పాడు. కొలిమి దగ్గర ఇద్దరు పని చేస్తారు. పెద్ద పనివాడు కాలిన ఇనుము మీద చిన్న సుత్తితో తట్టి చోటు చూపిస్తాడు. రెండోవాడు అక్కడే సమ్మెట వేస్తాడు. అయితే పెద్దవాడి చెయ్యి పక్కకు తప్పుకుందని కళ్లతో చూశాకే వెయ్యాలి. తొందరపడితే ఆ చెయ్యి నుజ్జయిపోతుంది. ఈ అలవాటు అసిరి ఒంట్లో ఇంకిపోయింది. దాలినాయుడి దెబ్బ పడ్డాక అతను ఓ లిప్తపాటు ఆగేవాడు. ఆ తర్వాతే రేకు మీద సమ్మెట వేసేవాడు. ఆ కాస్త సందులో షెడ్డంతా ఊపిరి బిగబట్టేది.

దాలినాయుడికి మాత్రం అది తప్పుగానే వినిపించేది.

“ఒరే అసిరీ, మళ్లీ వెనకబడ్డావు” అనేవాడు.

“నువ్వు చెయ్యి తియ్యాలి కదరా నాయుడూ.”

“నా చెయ్యి ఇక్కడ డ్రమ్ము మీదుంది. నీ రేకు అక్కడ గుమ్మం దగ్గరుంది. నీ సమ్మెట కింద ఎవడి చెయ్యుందిరా?”

“ఎవడిదీ లేదు. నాకు తెల్దేటి? అయినా ఆగిపోతన్నాను. ఏటి సెయ్యమంటావు?”

మార్గరెట్ నవ్వేది. “ఆ సందులోంచే నేను పాటలోకి దూరుతున్నాను. దాన్ని మూసెయ్యకు నాయుడూ” అనేది.

ఆ ఏడాది బృందం పదకొండు పాటలు రికార్డు చేసింది. వాటిని కలిపి ఆల్బమ్‌గా తయారుచేసే పని దాలినాయుడు తీసుకున్నాడు. కంప్యూటరు తెర మీద తాళం లెక్క చూపే నిలువు గీతలు వరుసగా ఉండేవి. అతని దెబ్బలన్నీ గీతల మీదే ఉన్నాయి. అసిరి దెబ్బలు మాత్రం ప్రతిసారీ గీత దాటి కుడిపక్కన ఉన్నాయి. దాలినాయుడు నాలుగు రోజులు కూర్చుని, వాటిని ఒక్కొక్కటిగా ఎడమకు జరిపి గీతల మీద నిలబెట్టాడు. డిస్కులో చోటు చాలడం లేదని అసలు రికార్డింగులు చెరిపేశాడు. ఎవరినీ అడగలేదు.

ఆల్బమ్ విన్న మార్గరెట్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“చాలా శుభ్రంగా ఉంది, ఆపరేషన్ థియేటరులాగా” అంది. మరుసటి ఆదివారం నుంచి షెడ్డుకు రాలేదు.

అసిరి మూడుసార్లు విన్నాడు. “ఇందులో బాగానే కొట్టాన్రా” అన్నాడు.

“నువ్వు కొట్టింది కాదు, నేను దిద్దింది” అన్నాడు దాలినాయుడు.

అసిరి తల ఊపాడు. ఆ మాట అతను మరిచిపోలేదు.

ఆల్బమ్‌ను జనం పట్టించుకోలేదు. కానీ దాని శుభ్రత విన్న ఒక స్టూడియో యజమాని దాలినాయుడిని హైదరాబాదు పిలిపించాడు. అక్కడ అతను మొదట ఇతరుల పాటలను సరిదిద్దాడు. తర్వాత ఆల్బమ్‌ల నిర్మాత అయ్యాడు. ఆ తర్వాత సినిమాలకు సంగీతం కట్టాడు. కత్తి యుద్ధానికైనా, కన్నీటి ఘట్టానికైనా దెబ్బ గీత మీదే పడేది. వాద్యగాళ్లు అతన్ని చాటుగా ‘గడియారం’ అనేవారు.

అతను హైదరాబాదు వెళ్లిన రెండో ఏడాది అసిరి ఫోను చేశాడు.

“నాక్కూడా ఏదైనా పనుంటే పిలు నాయుడూ. సమ్మెట పట్టుకుని వచ్చేస్తాను.”

“ఇక్కడ అందరూ చెవిలో క్లిక్, అంటే తాళం చప్పుడు, పెట్టుకుని వాయిస్తారు. టిక్కుమన్నప్పుడే దెబ్బ పడాలి. అది వచ్చాక ఫోను చెయ్యి” అన్నాడు దాలినాయుడు. అసిరి సరేనన్నాడు. దాలినాయుడు మళ్లీ అతని సంగతి తలచుకోలేదు.

పన్నెండేళ్లు గడిచాయి. దాలినాయుడి పాటలన్నీ ఒకేలా ఉంటున్నాయని పత్రికలు రాయడం మొదలుపెట్టాయి. వరసగా మూడు సినిమాలు అతని చేతిలోంచి జారిపోయాయి. వచ్చేవాళ్లు తగ్గారు. అలాంటి రోజుల్లో హైమ అనే దర్శకురాలు స్టూడియోకు వచ్చింది. ఉక్కు కార్మికుల మీద సినిమా తీస్తోంది. ఇది కూడా పోతే తనను ఇక ఎవరూ పిలవరని దాలినాయుడికి తెలుసు.

“మీ ఇనుప సంత నేను కాలేజీ రోజుల్లో షెడ్డులో విన్నానండీ. రేకు కొట్టే ఆయన ఉండేవారు. దెబ్బ వేస్తారా వెయ్యరా అని ప్రాణం బిగబట్టుకునేదాన్ని. నా సినిమాకు ఆ దెబ్బ కావాలి. మీ ఆల్బమ్‌లో వెతికాను, దొరకలేదు” అంది హైమ.

దాలినాయుడు వారం రోజులు తంటాలు పడ్డాడు. రేకు చప్పుళ్లను ఎడమ నుంచి కుడికి జరిపాడు. కొంచెం జరిపాడు, ఇంకొంచెం జరిపాడు. హైమ విని తల అడ్డంగా ఊపింది.

“ఇది ఊరికే ఆలస్యంగా వస్తోంది. ఆయన ఎవరికోసమో ఆగేవారు” అంది.

చివరికి దాలినాయుడు అసిరికి ఫోను చేశాడు. అసిరి మర్నాడే రైలెక్కాడు. సమ్మెటను పాత లుంగీలో చుట్టి తెచ్చాడు. జుట్టు నెరిసింది.

“నమస్తే సార్” అన్నాడు.

“సార్ ఏంట్రా?” అన్నాడు దాలినాయుడు.

“స్టూడియో కదా సార్” అని అసిరి రేకు ముందు నిలబడ్డాడు.

చెవిలో క్లిక్ పెట్టుకుని వాయించాడు. ప్రతి దెబ్బా గీత మీద పడింది. దాలినాయుడు తెర వంక చూశాడు. ఒక్కటి కూడా పక్కకు పోలేదు. హైమ ముఖంలో వెలుగు తగ్గింది.

“క్లిక్ తీసెయ్యండి” అంది.

తీసేశారు. అయినా దెబ్బలు గీతల మీదే పడ్డాయి.

“అసిరీ, పాత పద్ధతిలో కొట్టరా. షెడ్డులోలాగ ఆగి వెయ్యి” అన్నాడు దాలినాయుడు.

అది తనకు పెట్టిన పరీక్ష అనుకున్నాడు అసిరి. చిన్నగా నవ్వాడు. “ఆ తప్పు పోయింది సార్. ఫ్యాక్టరీలో డ్యూటీ దిగాక రోజూ రెండు గంటలు ఫోనులో క్లిక్ పెట్టుకుని కొట్టాను. ఏళ్లు పట్టింది గానీ పోయింది.”

“ఆ తప్పే కావాలిరా ఇప్పుడు.”

అసిరి కాసేపు అతని ముఖం చూశాడు. మళ్లీ సమ్మెట ఎత్తాడు. ఈసారి కావాలని వెనకబడ్డాడు. అది కంప్యూటరు జరిపిన దెబ్బలాగే ఉంది. ఆరుసార్లు కొట్టి, సమ్మెట దించేశాడు.

“ఎలా కొట్టేవాడినో గుర్తు రావట్లేదు సార్. అవతలివాడి చెయ్యి చూడొద్దన్నారు. చూడటం మానేశాను” అన్నాడు.

హైమ ఇద్దరికీ నమస్కారం చేసి వెళ్లిపోయింది. ఆ సినిమాకు సంగీతం మరొకరు కట్టారు. ఆ తర్వాత ఆ స్టూడియో మెట్లెక్కి దర్శకులెవరూ రాలేదు.

ఆవిడ వెళ్లాక అసిరి సమ్మెటను లుంగీలో చుట్టి ముడి వేశాడు.

“సార్, మొదటిసారి కొట్టిందాంట్లో ఒక్క దెబ్బైనా తప్పిందా?”

“లేదు” అన్నాడు దాలినాయుడు.

“ఈసారి మీరు దిద్దింది కాదు కదా?”

“కాదు. నువ్వే కొట్టావు.”

అసిరి ముఖం విప్పారింది. ఆ మాట కోసమే పన్నెండేళ్లు కొట్టాడు. దాలినాయుడు అతని ముఖంలోకి చూడలేక తెర ఆపేశాడు.

నీతి: తోటివాడి తీరు మన కొలతకు సరిపోలేదని దాన్ని తప్పుగా లెక్కగట్టి చెరిపెయ్యకూడదు; ఒకసారి చెరిపేస్తే, అవసరం వచ్చి వెతికిన రోజున అది మనకూ దొరకదు, అతనికీ దొరకదు.