అష్టమినాటి రేవు

సముద్రపు ఒడ్డున శంఖతీరమని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే వీరగజేంద్రుడు చెడ్డవాడు కాడు కాని, తన గొప్ప తాను వినందే పూట గడవని మనిషి. పొద్దున్నే వందిమాగధులు పొగడాలి, భోజనం దగ్గర మంత్రులు పొగడాలి. పొగిడేవాళ్ళు అలిసిపోతే ఆయనే అందుకునేవాడు.

ఆ రాజుకు ఒకనాడు రేవు కట్టించాలని బుద్ధి పుట్టింది. అనుకోవడమే ఆలస్యం, ఏరు సముద్రంలో కలిసే చోట ఏనుగు అంబారీతో సహా దూరిపోయేంత ద్వారం లేచింది. పాలరాతి సుంకపు చావడి లేచింది. ద్వారం పక్కన నిలపడానికి రాజుగారి నిలువెత్తు కంచు విగ్రహం పోతపోశారు. రేవుకు కావలసిన హంగులన్నీ అమిరాయి, ఒక్క నీళ్ళు తప్ప.

నీళ్ళు చాలవన్న సంగతి కొలువులో ఎవరికీ తెలియదు. అందుకు కారణం రేవుల మంత్రి విస్సన. ఆయన పంచాంగం చూడనిదే గోళ్ళు కూడా తీయించుకోడు. రేవు ప్రారంభానికి పౌర్ణమినాడు దివ్యమైన ముహూర్తం పెట్టాడు. పౌర్ణమికి సముద్రం పోటెత్తుతుంది కదా, ఆ పోటు మీద ఒక ఖాళీ ఓడ దర్జాగా లోపలికి వచ్చింది. అందరూ జేజేలు కొట్టారు. ఆ తర్వాత రాజు రేవు చూస్తానన్నప్పుడల్లా విస్సన పౌర్ణమే చూసి పెట్టేవాడు. ఇక అష్టమి నవముల్లో పోటు బలం తగ్గి ఇసుకమేట పైకి తేలివస్తుందని ఎవరికి తెలుస్తుంది? ఆ రోజుల్లో కొలువువాళ్ళెవరూ గడప దాటరాయె!

పరదేశపు ఓడలు వచ్చేవి, దూరం నుంచి చూసేవి, వెనక్కి తిరిగేవి.

“మన ప్రతాపానికి జడిసి పోతున్నారు” అనేవాడు రాజు.

“ద్వారం మీద ఇంకో అంతస్తు వేస్తే జంకు తీరి వస్తారు” అన్నాడు విస్సన. “ఖజానా ముట్టుకోనక్కరలేదు మహాప్రభూ. రేవును వాటాలుగా కోసి ప్రజలకు అమ్ముదాం. కొన్నవాళ్ళకు ఏటేటా సుంకంలో పాలు పంచుదాం. మనకు డబ్బు, వాళ్ళకు లాభం!”

రాజుకు ఈ మాట తేనె పూసినట్టు వినిపించింది. వర్తకులను పిలిపించాడు. ఒక శెట్టికి అప్పటికప్పుడు కాశీయాత్ర గుర్తొచ్చింది. ఇంకో శెట్టికి నడుము పట్టేసింది. ఒక్కడూ కొనలేదు. రాజుకు ఒళ్ళు మండి, సాలెపేట మీద కన్ను వేశాడు. అక్కడి నేతవాళ్ళు నూలు కొనడానికని ఏడాదంతా పైసా పైసా కూడబెట్టి ఉమ్మడి పెట్టెలో దాచుకుంటారు. వచ్చే పౌర్ణమికి ఆ పెట్టె ఉన్నపళంగా తెచ్చి రేవులో వాటాలు కొనాలని దండోరా వేయించాడు.

రాజుగారికి తమలపాకు చిలకలు చుట్టి అందించే నూకన ఆ సాలెపేటవాడే. నోటి చురుకుదనం చూసి రాజే కొలువులో పెట్టుకున్నాడు. దండోరా విన్న మర్నాడు అతని అక్క అచ్చమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

“ఒరే నూకా, ఆ పెట్టె పోతే నూలు లేదు. నూలు లేకపోతే మగ్గం ఆగిపోద్ది. మగ్గం ఆగితే మా పొయ్యి సంగతి నువ్వే ఆలోచించుకో. ఆ రేవుమొగలో పోయిన అష్టమినాడు గేదెలు నడిచి అవతలికి పోతుంటే నా కళ్ళారా చూశాను. అందులోకి ఓడలెలా వస్తాయిరా?”

నూకన ఒక చిలక చుట్టి అక్క చేతిలో పెట్టాడు. “ఆ గేదెలు చూసిన రేవును రాజుగారు చూడలేదక్కా. చూపిస్తే సరి. నువ్వు నిశ్చింతగా పో. మీ నూలుకు నాదీ పూచీ.”

“తల మీదికి తెచ్చుకోకురా!”

“నా తలతో పనిలేదు. ఆయన మీసంతో పని” అని నవ్వాడు నూకన.

మర్నాడు నిండు కొలువులో తాంబూలం అందిస్తూ, “మహాప్రభూ, మా సాలెపేటవాళ్ళు పెట్టెతో సహా సిద్ధంగా ఉన్నారు. చిన్న ముచ్చట మాత్రం తీర్చమంటున్నారు” అన్నాడు.

“ఏమిటది?”

“సరుకు నిండిన ఓడలో ఏలినవారు నిలబడి రేవులోకి రావాలి. వాళ్ళు ఒడ్డున నిలబడి కళ్ళారా చూడాలి. అంతే.”

“ఓస్, ఇంతేనా! సరుకుతో పాటు నా విగ్రహాన్ని కూడా ఆ ఓడలోనే తెస్తాను. విస్సనా, పౌర్ణమికి ఏర్పాట్లు చెయ్యి.”

“పౌర్ణమి దాకా ఆగితే నూలు బేరగాళ్ళు వచ్చి డబ్బు ఊడ్చుకుపోతారు ప్రభూ” అన్నాడు నూకన. “ఎల్లుండే వస్తే బాగుంటుంది.”

విస్సన వేళ్ళు మడిచి చూసుకుని అదిరిపడ్డాడు. “ఎల్లుండి అష్టమి! అష్టమినాడు ప్రయాణమా? శివ శివా!”

“మంత్రిగారూ, నాకో సందేహం. మన రేవుకు రావలసిన చీనావాళ్ళూ అరబ్బులూ మన పంచాంగం చూసుకుని బయల్దేరతారా? వాళ్ళ ఓడ అష్టమినాడు వస్తే, దశమి దాకా సముద్రంలోనే ఉండమంటారా?”

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. విస్సన మొహం ఎర్రబడింది. “నీకేం తెలుసురా, ఆకులు చుట్టేవాడికి! అష్టమి ఎవరికైనా అష్టమే!”

నూకన చెవులు మూసుకున్నాడు. “ఎంత మాటన్నారు! అష్టమి నాబోటి వాడిని అడ్డుకుంటుందంటే ఒప్పుకుంటాను. మా ప్రభువును కూడా అడ్డుకుంటుందని నిండు కొలువులో ఎలా అనగలిగారు మంత్రిగారూ? నేనైతే ఛస్తే అనను.”

రాజు చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. “అష్టమి నన్నడ్డుకుంటుందా? అయితే ఎల్లుండే బయల్దేరతాను! నూకా, నా ఓడ రేవులోకి వచ్చాక నీ వాళ్ళు పెట్టెతో పాటు మగ్గాలు కూడా అమ్మి వాటాలు కొనాలి. సరేనా?”

“సరే ప్రభూ. ఒకవేళ రాకపోతే?”

“రాకపోవడమా! రాకపోతే వాళ్ళ డబ్బు చిల్లిగవ్వ ముట్టను. నీకు కోరిన బహుమానం ఇస్తాను. ఇది నా మాట.”

“కొలువంతా విన్నది” అన్నాడు నూకన హాయిగా.

అష్టమి వచ్చింది. బియ్యం బస్తాలు, బెల్లం దిమ్మలు, వాటికి తోడు కంచు విగ్రహం ఎక్కించుకుని ఓడ సముద్రంలోంచి రేవు వైపు బయల్దేరింది. ముందు భాగాన విగ్రహం మీసం మెలేసి నిలబడింది. దాని పక్కన రాజు అచ్చం అలాగే మీసం మెలేసి నిలబడ్డాడు. వెనక విస్సన కళ్ళు మూసుకుని మంత్రం జపిస్తున్నాడు. ఆయన పక్కన నూకన తీరిగ్గా ఆకులకు సున్నం రాస్తున్నాడు. ఒడ్డున సాలెపేటంతా చేరింది. పెట్టె అచ్చమ్మ కాళ్ళ దగ్గరుంది. ఆమె దాని మీది నుంచి చెయ్యి తీయడంలేదు.

బాకాలు మోగాయి. ద్వారం ఇక నాలుగడుగులు ఉందనగా ఓడ కిందనుంచి ‘గర్ర్’మని చప్పుడొచ్చింది. ఓడ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. తెడ్లు వేశారు, కదల్లేదు. గడలతో నెట్టారు, కదల్లేదు. “గట్టిగా!” అని రాజు అరిచాడు. గడ విరిగింది కాని ఓడ కదల్లేదు. బాకాలవాళ్ళు ఎప్పుడు ఆపాలో తెలియక ఊదుతూనే ఉన్నారు.

ఇంతలో నెత్తిన చేపల గంప పెట్టుకుని ఒక ముసలి జాలరామె, మొలలోతు నీళ్ళలో నింపాదిగా నడుచుకుంటూ ఓడ పక్కకు వచ్చి నిలబడింది. తలెత్తి చూసింది.

“సందువలున్నాయి బాబూ, ఇప్పుడే పట్టినవి, తీసుకుంతారా? ఇద్దరు రాజులు నిలబడ్డారు, ఎవర్నడగాలో తెల్దు. మీలో పలికే రాజెవరో సెప్పండి.”

రాజు వంగి ఆమెను చూశాడు. ఆమె కాళ్ళు నేలమీద ఆనడం చూశాడు. తన ఓడ చూశాడు.

“అవ్వా, నువ్వెలా వచ్చావు?”

“ఏటుంది బాబూ, నడిసొచ్చినాను. రోజూ ఈ దారినే నడుత్తాను. మీరే ఓడేసుకొచ్చి దారికడ్డంగా ఎట్టారు.”

విస్సన జపం ఆగిపోయింది. రాజు మొహం ఎర్రబడి, ఆ ఎరుపు చెవులదాకా పాకింది. ఇక ఎవరి పని అయిపోయిందోనని అందరూ బిక్కచచ్చి చూస్తున్నారు. నూకన మాత్రం చుట్టిన చిలక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“నూకా, ఇది నీకు ముందే తెలుసు.”

“తెలుసు ప్రభూ.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏలినవారు నన్ను నమ్మాలా, అంత పెద్ద ద్వారాన్ని నమ్మాలా? నేనైనా ద్వారాన్నే నమ్మేవాణ్ణి. అందుకని నీళ్ళనే చెప్పనిచ్చాను. ఇప్పుడు ఆ పెట్టె వైపు చూడండి. అది పోతే ఒక పేట మొత్తం పస్తులుంటుంది. వాటా కొనేవాడు ద్వారం ఎత్తు చూడడు ప్రభూ, అష్టమినాడు నీళ్ళెంత లోతున్నాయో చూస్తాడు. శెట్టిగారికి నడుము పట్టేసింది అందుకే.”

రాజు ఒడ్డునున్న పెట్టె వైపు చూశాడు. పక్కనున్న కంచు రాజు వైపు చూశాడు. అది ఇంకా మీసం మెలేస్తూనే ఉంది. అంతే, రాజుకు నవ్వు ముంచుకొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక తక్కినవాళ్ళకు ధైర్యం వచ్చింది.

“సాలెపేటవాళ్ళూ, పెట్టె ఇంటికి తీసుకుపోండి! నూలు కొనుక్కోండి!” అని ఒడ్డు వైపు కేకేశాడు రాజు. “విస్సనా, రేపటి నుంచి ఖజానా డబ్బుతో ఇక్కడ ఇసుక తవ్వించు. నిండు ఓడ అష్టమినాడు లోపలికి వచ్చేదాకా వాటాల మాట ఎత్తావంటే నీ చేతికి పార ఇస్తాను.”

“రేపు నవమి మహాప్రభూ...” అన్నాడు విస్సన.

రాజు చూసిన చూపుకు ఆయన మిగతా మాట మింగేశాడు.

“ఇక నీ సంగతి” అంటూ రాజు నూకన వైపు తిరిగి, నవ్వు దాచుకుని గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. “నువ్వు గెలిచావు. మెచ్చాం. మా రేవులో నీకు నూరు వాటాలు ఇస్తున్నాం!”

నూకన గబుక్కున రాజు కాళ్ళ మీద పడ్డాడు.

“మహాప్రభూ, పందెం గెలిచింది నేనైతే జరిమానా కూడా నాకేనా?”

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, అతన్ని లేవనెత్తి, తన చేతి బంగారు కంకణం తీసి తొడిగాడు. జాలరామె గంపెడు చేపలూ తానే కొన్నాడు. ఆ తర్వాత పట్టుపంచె పైకి ఎగ్గట్టి, ఓడ దిగి, తన రేవులోకి తానే నడిచి వెళ్ళాడు.