పావు విల్లు

పన్నెండేళ్ళ చదువు పూర్తయిన రోజున ఇబాదుల్లా కాలు నేల మీద నిలవలేదు. పెన్న ఒడ్డునున్న ఆ చిన్న మదర్సాలో షరియత్ గ్రంథాలన్నీ కంఠతా పట్టినవాడు అతనొక్కడే మరి.

"హజ్రత్, ఇక నన్ను ఫకీహ్ అనవచ్చా?" అని గురువును అడిగాడు.

ఫకీహ్ అంటే షరియత్ ఎరిగినవాడు, నలుగురి తగాదాకు శాస్త్రం చూసి జవాబు చెప్పగలవాడు. ఎవరికి పడితే వారికి తగిలించే మాట కాదది. "ఆ మాటకు నిఘంటువుల్లో ఏడు అర్థాలున్నాయి. ఏడూ చెప్పమంటారా?" అని కూడా అన్నాడు ఇబాదుల్లా.

గురువు సిరాజుద్దీన్ హజ్రత్ ఒక్కటీ చెప్పమనలేదు. పొద్దున వచ్చిన కాగితం ఒకటి అతని చేతిలో పెట్టాడు. దూదేకుల బాబయ్య రాసి తెచ్చిన ప్రశ్న అది: "మా అన్న పోయినాడు. పిల్లల్లేరు. వదిన ఉంది, తమ్ముణ్ణి నేనుండాను. అన్న దూదేకే విల్లులో ఎవరికెంత?"

ఇబాదుల్లా చిటికెలో రాసేశాడు. భార్యకు పావు, తమ్ముడికి ముప్పావు. శాస్త్రప్రకారం వెంట్రుకవాసి తప్పు లేదు.

హజ్రత్ చదివి తలూపాడు. "బాగుంది. వెళ్ళి ఆమెకు వినిపించి రా."

జవాబు వల్ల ఎవరికి నష్టమో వాళ్ళ గడపకు రాసినవాడే వెళ్ళి చదవాలి. ఆ మదర్సాలో ఆచారం అది.

వదిన కుళ్ళాయమ్మ ఇంటి ముందు బాబయ్య అప్పటికే విల్లు భుజానికెత్తుకుని ఉన్నాడు. ఇబాదుల్లా గొంతు సవరించుకుని దర్జాగా చదివాడు.

ఆమె ఏడవలేదు. దూది అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పావు విల్లుతో దూది ఎట్ల ఏకేది నాయనా? రేపటి నుంచి నేను ఏం తినేది? ఇది మా యమ్మ నా పెండ్లిలో ఇచ్చిన విల్లు. పోయిన ఆయప్పది ఎప్పుడైంది?"

బాబయ్య నేల చూపులు చూశాడు. "అన్న దాంతోనే గదా పని చేసింది," అని గొణిగాడు.

"ఆ పెండ్లికి విల్లు మోసుకొచ్చింది నేనే!" అని పక్కింటి ముసలాయన అరుగు మీద నుంచే కేకేశాడు.

ఇబాదుల్లాకు సిగ్గేసింది, దాన్ని మించి సంతోషమేసింది. "ఆ విల్లు కింద పెట్టు బాబయ్యా! నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు!" అని, విడిచిన చెప్పుల సంగతి కూడా మరిచి మదర్సాకు పరుగెత్తాడు.

"హజ్రత్! జవాబు సరైందే, ప్రశ్నే తప్పు! విల్లు ఆమెదే! సాక్షి కూడా ఉన్నాడు!"

"మంచిది. ఆమె ప్రశ్న రాసిన కాగితం తెచ్చావా?"

"ఆమెకు రాయడం రాదు హజ్రత్."

"మరి నీకు పన్నెండేళ్ళు నేర్పింది ఎందుకురా?"

ఇబాదుల్లా కలం, సిరాబుడ్డి అందుకుని, వచ్చిన దారినే మళ్ళీ పరుగు తీశాడు.