ఖాళీగా పంపకూడని గంగాళం

అనగనగా, ఏటి ఇవతల చింతలకోన అని ఒక ఊరుండేది. ఊ కొడుతూ వినాలి మరి, నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను.

ఆ ఊళ్ళో సింగారమ్మ అని ఒకావిడ. ఊరందరి రాగుల విత్తనం ఆవిడ గాదెలోనే దాచేవాళ్ళు. ఆ ఊరికో ఆనవాయితీ ఉంది. ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. చిటికెడు ఉప్పైనా వేస్తారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. అప్పుడు ఏటి అవతల పట్నం నుంచి పానకాలయ్య అనే పెద్దమనిషి పడవలో వచ్చాడు. వెంట ఒక ఇత్తడి గంగాళం, దాని నిండా బియ్యం. పట్నం గోదాముల్లో ఎవరూ కొనక ముక్కిపోయిన బియ్యం అవి. ఆకలి రుచెరగదు కదా, వండుకు తిన్నారు. ఆ తర్వాత ఆ గంగాళం నిండా చింతపండు పోసి పంపారు. అదే సంతలో అమ్ముకునుంటే ఏడాదికి సరిపడా గింజలు వచ్చేవి.

కొన్నాళ్ళకి పానకాలయ్య ఇంకా పెద్ద గంగాళంతో వచ్చాడు. అందులో ఇనుప నాగళ్ళు. పట్నం కొలిముల్లో మిగిలిపోయిన సరుకు. కోనలోని రాళ్ళ నేలలో అవి రెండడుగులు కూడా కదల్లేదు. అయినా ఊరివాళ్ళు గంగాళం నిండా తేనె పోసి పంపారు.

మూడోసారి వచ్చిన గంగాళాన్ని నలుగురు మోశారు. అడుగున మాత్రం నాలుగు చేటల విత్తనపు వడ్లే ఉన్నాయి. నీళ్ళు నిలవని ఆ రాళ్ళ నేలలో వరి ఎలా పండుతుంది?

అప్పటికి చింతపండు అయిపోయింది, తేనె కూడా అయిపోయింది. "గాదెలో రాగులున్నాయట కదమ్మా, పట్నంలో వాటికి మంచి గిరాకీ" అన్నాడు పానకాలయ్య.

విత్తనం పోతే వచ్చే ఏడు పిల్లలకి సంకటి ముద్ద ఉండదు. ఊరిపెద్దలేమో "ఆనవాయితీ తప్పకూడదే సింగారీ" అని నసుగుతున్నారు.

ఆవిడ చేట పట్టుకుని గాదె దాకా వెళ్ళింది. ఖాళీ చేటతోనే తిరిగొచ్చి, "ఆ వడ్లు అందులోనే ఉండనివ్వండి. గంగాళం ఖాళీగా పోవట్లేదు, ఆనవాయితీ తప్పలేదు" అంది. ఆ తర్వాత పానకాలయ్య ముందు తన చేట పట్టింది. "సాయం చేస్తానంటే ఇందులో పొయ్యండి బాబూ. ఏం కావాలో మేం చెబుతాం."

"మా సాయం మా గంగాళంలోనే వస్తుందమ్మా" అని ఆయన పడవెక్కేశాడు.

ఆ వేసవంతా ఊరు చింతచిగురు ఉడకేసుకుని తింది. కష్టంగానే గడిచింది, కాదనను. ఆ తర్వాత వానొచ్చింది. గాదె తెరిచి విత్తనం చల్లారు. రాగులు విరగపండాయి.

రెండేళ్ళు తిరిగేసరికి పట్నానికి వరదొచ్చింది. ఈసారి పానకాలయ్య గంగాళం లేకుండా, పంచె చెంగు పట్టుకుని సాయం కోసం వచ్చాడు. సింగారమ్మకి పాతవన్నీ గుర్తున్నాయి, కోపమూ ఉంది. అయినా పీట వేసి, మజ్జిగ ఇచ్చి, ఆయన తనని ఒక్కసారి కూడా అడగని మాట అడిగింది.

"ఏం కావాలి బాబూ మీకు?"

ఆయన తల దించుకునే ఏం కావాలో చెప్పాడు.

గంగాళం ఏటికి, చేట చూరుకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్రకి.